వెన్న శాతం పడిపోతే దాణా పెంచడం కాదు, గడ్డి సంగతి చూడాలి

ప్రశ్న: నాకు ఐదు ముర్రా గేదెలు ఉన్నాయి. ఒక్కొక్కటి రోజుకు 8 లీటర్ల దాకా ఇస్తుంది. నెలన్నర నుంచి పచ్చిగడ్డి లేదు. వరిగడ్డి వేస్తే సగం తిని సగం తొక్కేస్తున్నాయి. అందుకని గడ్డిని మిషన్‌లో పొట్టులా కొట్టించి, మొక్కజొన్న పిండి, నూకల జావ పెంచి అందులో కలిపి పెడుతున్నాను. దాణా మొత్తం 8 కిలోలు అవుతోంది. పాలు తగ్గలేదు కానీ ఫ్యాట్ 7 నుంచి 5కి పడిపోయింది, పాల కేంద్రంలో రేటు బాగా కోస్తున్నారు. ఇంకో సందేహం. నాకు షుగర్ ఉందని డాక్టరు గారు పీచు ఎక్కువ తినమన్నారు, పీచులో బలం పెద్దగా ఉండదు కాబట్టి షుగర్ పెరగదన్నారు. బలం లేని పీచుతో గేదెకు పాలు ఎలా వస్తాయి సార్?
– ఒక పాడి రైతు, నల్గొండ జిల్లా

జవాబు: మీ చివరి ప్రశ్న నుంచే మొదలుపెడతాను. ఫ్యాట్ ఎందుకు పడిపోయిందో అందులోనే తెలుస్తుంది.

బియ్యంలో ఉండే పిండి పదార్థం, వరిగడ్డిలో పీచుగా ఉండే సెల్యులోజ్, రెండూ గ్లూకోజ్‌తో తయారైనవే. ఒక గ్లూకోజ్‌ను ఇంకో గ్లూకోజ్‌తో కలిపే ముడిలోనే తేడా ఉంది. పిండి పదార్థంలో ఆ ముడి వల్ల గొలుసు మెలికలు తిరుగుతుంది. మన పేగుల్లోని ఎంజైములు దాన్ని తేలిగ్గా తెంపేస్తాయి, గ్లూకోజ్ రక్తంలోకి వస్తుంది. సెల్యులోజ్‌లో గొలుసు నిటారుగా ఉంటుంది. అలాంటి గొలుసులు పక్కపక్కనే చేరి, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని సన్నటి పోగులవుతాయి. పత్తి దూదిలో 90 శాతానికి పైగా ఈ సెల్యులోజే. దారానికి, గోగునార తాడుకు బలం ఇచ్చేది అదే. తాడుగా పనికొచ్చే ఆ గుణం వల్లే అది మన కడుపులో అరగదు. ఆ ముడి విప్పే ఎంజైము మనిషి ఒంట్లో లేదు, గేదె ఒంట్లోనూ లేదు.

గేదె పెద్ద పొట్టలో, అంటే రూమెన్‌లో, సూక్ష్మజీవులు ఉంటాయి. ఆ ముడి విప్పేది అవే. మనకూ పెద్ద పేగులో కొన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. కానీ అప్పటికే తిండి అరిగిపోయి ఉంటుంది కాబట్టి, పీచు నుంచి మనకు దక్కే శక్తి చాలా తక్కువ. మెంతుల్లాంటి వాటిలో జిగురుగా ఉండే పీచు చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని కూడా తగ్గిస్తుంది. మీ డాక్టరు గారు చెప్పింది మీ విషయంలో పూర్తిగా సరైనదే, అలాగే పాటించండి. గేదె విషయం వేరు. అది తిన్నది ముందు సూక్ష్మజీవుల చేతికి వెళ్లి, ఆ తర్వాతే దాని ఒంటికి అందుతుంది. అవి పీచును పులియబెట్టి ఆమ్లాలుగా మారుస్తాయి, గేదెకు కావలసిన శక్తిలో ఎక్కువ భాగం ఆ ఆమ్లాలదే.

ఇక పాలలో వెన్న సంగతి. పీచు పులిసినప్పుడు ఎక్కువగా వచ్చేది ఎసిటిక్ ఆమ్లం. పాలలోని కొవ్వులో దాదాపు సగాన్ని పొదుగు ముఖ్యంగా ఈ ఆమ్లం నుంచే తయారు చేసుకుంటుంది. మొక్కజొన్న, నూకలు పులిస్తే ప్రొపియోనిక్ ఆమ్లం పెరుగుతుంది. దాని నుంచి గ్లూకోజ్, గ్లూకోజ్ నుంచి పాలలోని చక్కెర వస్తాయి. పాల పరిమాణం నిలబడటానికి, గేదె ఒళ్లు చేయడానికి అది పనికొస్తుంది, వెన్నకు పనికిరాదు. మీ దగ్గర పాలు తగ్గకుండా ఫ్యాట్ మాత్రమే పడిపోయిందంటే, లెక్క సరిగ్గా ఇక్కడే తప్పిందన్నమాట.

గడ్డిని పొట్టు చేయించడం దీనికి తోడైంది. గడ్డి పొడవుగా ఉంటే గేదె గంటల తరబడి నెమరు వేస్తుంది. నెమరు వేసే కొద్దీ లాలాజలం ఊరుతుంది. పెద్ద పశువుకు రోజుకు 100 లీటర్లకు పైగా ఊరే ఈ లాలాజలంలో సోడా లాంటి క్షారం ఉంటుంది, అది పొట్టలోని పులుపును విరుస్తుంది. పొట్టు నమలనక్కర లేకుండానే లోపలికి జారిపోతుంది. నెమరు తగ్గుతుంది, లాలాజలం తగ్గుతుంది, మరోపక్క జావ వేగంగా పులుస్తుంది. పొట్టలో పీహెచ్ (పులుపును కొలిచే లెక్క, అది తగ్గితే పులుపు పెరిగినట్టు) 6 కన్నా తగ్గితే పీచును అరిగించే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. అప్పుడు దారి తప్పి తయారయ్యే కొన్ని కొవ్వు పదార్థాలు రక్తం ద్వారా పొదుగుకు చేరి, అక్కడ వెన్న తయారీనే అడ్డుకుంటాయి. ఇదే చాలాకాలం సాగితే పేడ పలచబడుతుంది, పేడలో గింజ ముక్కలు కనిపిస్తాయి, గిట్టలు దెబ్బతిని కుంటుతాయి. మీ గేదెలు తీరిగ్గా పడుకున్న వేళ కొట్టంలోకి వెళ్లి చూడండి. ఐదింటిలో కనీసం మూడైనా నెమరు వేస్తూ కనిపించాలి.

దాణా బస్తా మీద పీచు శాతం రాసి ఉంటుంది, అది చూసి పీచు సరిపోయిందనుకోకండి. ఆ లెక్క కట్టే పద్ధతి 19వ శతాబ్దంలో జర్మనీలోని వీండే పరిశోధన కేంద్రంలో పుట్టింది. ఆ పరీక్షలో పీచులో కొంత భాగం కరిగిపోయి లెక్కకు రాదు. 1960లలో అమెరికాలో పీటర్ వాన్ సోస్ట్ అనే శాస్త్రవేత్త అంతకన్నా మెరుగైన పరీక్షలు రూపొందించారు. ఇప్పుడు మేపులు లెక్క కట్టేది వాటితోనే. ఏ పరీక్షలో ఎంత తేలినా, మెత్తగా మరపట్టిన పీచు గేదెతో నెమరు వేయించలేదు. పీచు ఎంత ఉందో చూసినట్టే, ముక్క ఎంత పొడవుందో కూడా చూడాలి.

మరి వరిగడ్డిని గేదెలు ఎందుకు తొక్కేస్తున్నాయి? గడ్డి పోచను స్లాబుతో పోల్చవచ్చు. సెల్యులోజ్ పోగులు ఇనుప చువ్వలు, హెమీసెల్యులోజ్ వాటిని కట్టే బైండింగ్ వైరు, లిగ్నిన్ చుట్టూ పోసిన కాంక్రీటు. మొక్క ముదిరే కొద్దీ లిగ్నిన్ పెరుగుతుంది. చువ్వల్లో శక్తి ఉన్నా సూక్ష్మజీవులు కాంక్రీటును దాటి వెళ్లలేవు. వరిలో దీనికి తోడు ఇసుకలో ఉండే సిలికా కూడా ఉంటుంది. నేల నుంచి పీల్చుకున్న సిలికాను వరి ఆకుల్లో దాచుకుంటుంది, ఎండుగడ్డిలో అది 10 శాతం దాటుతుంది. పైరు నిలబడటానికి, తెగుళ్లను తట్టుకోవడానికి, రేపు గడ్డి పూరికప్పుగా ఏళ్ల తరబడి నిలవడానికి ఇదంతా మేలే చేస్తుంది. మేపుగా మాత్రం అదే అడ్డం. జొన్న చొప్పలో కాడ కన్నా ఆకు బాగా అరుగుతుంది, వరిలో తిరగబడి ఆకు కన్నా కాడే మెరుగ్గా అరుగుతుంది. వరిగడ్డిలో మాంసకృత్తులు 3–4 శాతమే, సూక్ష్మజీవులు పెరగడానికి అవి చాలవు.

ఇంత చెప్పినా వరిగడ్డి చెత్త అని నేను అనను. మన దగ్గర కోత మిషన్ వెళ్లగానే పొలంలోనే గడ్డిని తగలబెడుతుంటే మనసుకు కష్టంగా ఉంటుంది. ఆ గడ్డిలో మూడో వంతు సెల్యులోజే. దాన్ని విప్పే మార్గం యూరియా మాగుడు, మీరు ఈ వారమే మొదలుపెట్టండి.

100 కిలోల ఎండుగడ్డికి 4 కిలోల యూరియా, 60 లీటర్ల నీళ్లు కావాలి. ఐదు గేదెలకు రోజుకు 30 కిలోల చొప్పున మూడు వారాలకు దాదాపు 600 కిలోల గడ్డి పడుతుంది. దానికి యూరియా 24 కిలోలు, అంటే 45 కిలోల బస్తాలో సగానికి కాస్త ఎక్కువ. నేల మీద పట్టా పరిచి గడ్డిని పొరలుగా వేయండి. ప్రతి పొర మీదా యూరియా నీళ్లు సమంగా చల్లి, గాలి పోయేలా బాగా తొక్కండి. యూరియా పూర్తిగా కరిగాకే చల్లాలి, ఎక్కడా పలుకు మిగలకూడదు. చివర్లో పాలిథిన్ పట్టాతో గాలి చొరకుండా కప్పి, అంచుల మీద మట్టి వేసి 21 రోజులు కదపకుండా వదిలేయండి. లోపల యూరియా అమ్మోనియాగా మారుతుంది. ఆ క్షారం లిగ్నిన్‌కు, హెమీసెల్యులోజ్‌కు మధ్య ఉన్న బంధాలను కోస్తుంది, పోగులు ఉబ్బుతాయి, సూక్ష్మజీవులకు దారి దొరుకుతుంది. గడ్డి మెత్తబడి లేత గోధుమ రంగుకు వస్తుంది. మాంసకృత్తుల విలువ 7–8 శాతానికి చేరుతుంది. ఈ గడ్డివాము వాడుతుండగానే రెండోది వేసుకుంటే కొరత రాదు.

జాగ్రత్తలు కచ్చితంగా పాటించాలి. వాము నుంచి తీసిన గడ్డిని గంట సేపు ఆరబెట్టి, ఘాటు వాసన తగ్గాకే వేయండి. మొదట మామూలు గడ్డిలో కొద్దిగా కలిపి, వారం పది రోజుల్లో పూర్తి మోతాదుకు రండి. ఆరు నెలల లోపు దూడలకు, గుర్రాలకు వద్దు. యూరియా నీళ్ల బకెట్టు గేదెలకు అందేచోట అస్సలు పెట్టకండి, తాగితే ప్రాణం పోతుంది. పొరపాటున తాగి వణుకు, కడుపు ఉబ్బరం, నోట్లో నురగ కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయకుండా పశువైద్యుడిని పిలవండి. బూజు పట్టిన గడ్డిని మాగబెట్టినా మంచిది కాదు, పారేయండి.

మాగుడు సిద్ధమయ్యేలోగా చేయాల్సిన పని ఇది. పొట్టు ఆపేసి, చాఫ్ కట్టర్‌తో అంగుళం ముక్కలుగా కొట్టించండి. నూకల జావ పూర్తిగా మానేయండి. ఒంటి పోషణకు ఒకటిన్నర కిలో, రెండు లీటర్ల పాలకు కిలో చొప్పున లెక్కేస్తే 8 లీటర్ల గేదెకు ఐదున్నర కిలోల దాణా సరిపోతుంది. వారం రోజుల్లో నెమ్మదిగా అక్కడికి తగ్గించండి. అందులో మొక్కజొన్న మూడో వంతు మించకుండా చూసి, మిగతాది తవుడు, నూనె గింజల చెక్కలతో నింపండి. ఆ దాణాను రోజుకు మూడు సార్లుగా విడదీసి, ముందు గడ్డి తిన్నాకే పెట్టండి. రెండు వారాల పాటు ఒక్కో గేదెకు పూటకు 50 గ్రాముల చొప్పున రెండు పూటలా తినే సోడా దాణాలో కలపండి. వరిగడ్డిలోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి అందకుండా పట్టి ఉంచుతాయి కాబట్టి ఖనిజ లవణ మిశ్రమం రోజుకు 50 గ్రాములు తప్పనిసరి. ఎండుగడ్డిలో విటమిన్ ఏ దాదాపు ఉండదు, గేదెకు ఐదారు కిలోల పచ్చిమేతైనా ఎక్కడి నుంచో సమకూర్చుకోండి, గట్ల మీది అవిశ, సుబాబుల్ రెమ్మలైనా సరే. నీటి వసతి ఉంటే పదిహేను ఇరవై గుంటల్లో హైబ్రిడ్ నేపియర్ వేసి, 45–50 రోజులకు ఒక కోత తీసుకోండి. ఎదగనిద్దామని ఇంకా ఆగితే బరువు పెరిగినట్టు కనిపిస్తుంది, పెరిగేది ఎక్కువగా లిగ్నినే.

పాలు తీసే పద్ధతి కూడా ఒకసారి సరిచూసుకోండి. పొదుగులో చివర వచ్చే ధారల్లోనే వెన్న ఎక్కువ. దూడకు చివరి పాలు వదిలే అలవాటుంటే దాన్ని మొదటి పాలకు మార్చండి, కేంద్రానికి పోసే పాల ఫ్యాట్ పెరుగుతుంది.

మేపు మార్చాక ఫ్యాట్ కోలుకోవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నాలుగు రోజులకే పెరగలేదని కంగారుపడి మళ్లీ జావ మొదలుపెట్టకండి. మూడు వారాలు దాటినా మార్పు లేకపోతే ఐదు గేదెల పాలనూ కలపకుండా విడివిడిగా పరీక్ష చేయించండి. ఒకటి రెండింటిలోనే తక్కువ వస్తే మేపు కారణం కాదు, పొదుగు వాపు ఉందేమో మీ మండల పశువైద్యుడి చేత చూపించండి.