హీలర్ లేకపోతే ఆట సాగదా?

ప్రశ్న: అక్కా, ఆదివారాలు పటమటలో మా మేడ మీద డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అదే, తలో పాత్ర తీసుకుని డైసు వేస్తూ సాహసకథ నడిపే ఆట. 2014 రూల్‌బుక్. నేను ఫైటర్ (కత్తి వీరుడు), మావాళ్లలో ఒకడు రోగ్ (చాటుగా దెబ్బతీసేవాడు), ఇంకొకడు విజార్డ్ (మంత్రగాడు). గాయాలు మాన్పే హీలర్ ఒకరుండాలని మా పిన్ని కూతురికి క్లెరిక్ (దైవశక్తితో మంత్రాలు వేసే పూజారి) పాత్ర ఇచ్చాం. ఇప్పుడది "ఎంతసేపూ మీకు కట్లు కట్టడమేనా, నేను రాను పొండి" అంటోంది. హీలర్ లేకపోతే రెండో గదిలోనే పోతామని మావాళ్ల టెన్షన్. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: తమ్ముడూ, ముందు మీ చెల్లికి సారీ చెప్పు. కత్తులన్నీ మీరు పంచేసుకుని, అందరూ వద్దన్న పని చిన్నదాని నెత్తిన పెట్టారు. అలగక ఏం చేస్తుంది?

పనిగట్టుకుని ఒక హీలర్ అక్కర్లేదు. కావాలంటే లెక్క చూసుకో. ఒకటో లెవల్ క్లెరిక్ గాయం మాన్పే 'క్యూర్ వూండ్స్' మంత్రం వేస్తే ఒక ఎనిమిది ముఖాల డైసు, దానికి ఓ మూడు కలుపుకో. సగటున ఏడెనిమిది ప్రాణం పాయింట్లు వెనక్కి వస్తాయి. ఓగర్ అనే రాక్షసుడి దుడ్డుకర్ర ఒక్కసారి తగిలితే సగటున 13 పోతాయి. బ్యారేజీ గేట్లెత్తాక చెంబు అడ్డం పెట్టినట్టే! పైగా ఆ లెవల్లో మంత్రాలు రోజుకు రెండే. అదే మంత్రం ఖర్చుతో 'గైడింగ్ బోల్ట్' అనే దాడి మంత్రం వేసి తగిలిందా, ఓగర్‌కే సగటున 14 దెబ్బ. ఒక్క పాయింటు మీద నిలబడ్డ ఫైటర్ కత్తికీ పదును తగ్గదు కదా. కాబట్టి నిలబడి ఉన్నవాడికి పోట్లాట మధ్యలో మందు రాయడం చాలాసార్లు దండగ.

సున్నాకు పడిపోయినవాడి సంగతి వేరు. వాడు ప్రతి టర్న్‌లో ఇరవై ముఖాల డైసు వేస్తాడు. పదికి తక్కువ పడితే ఒక వైఫల్యం, అలా మూడైతే చచ్చాడే. పక్కనే ఉన్న శత్రువు కొట్టిన దెబ్బ తగిలితే ఒక్కదానికే రెండు వైఫల్యాలు. అలాంటప్పుడు లేపేవాళ్లు ఒకరు కావాలి. క్లెరిక్ దగ్గరుండే 'హీలింగ్ వర్డ్' మంత్రం 60 అడుగుల దూరం నుంచి పనిచేస్తుంది, బోనస్ యాక్షనే (టర్న్‌లో అదనంగా చేసుకునే చిన్న పని) కాబట్టి అదే టర్న్‌లో గదతో ఒకటి తగిలించొచ్చు కూడా. బార్డ్‌కీ (పాటగాడు), డ్రూయిడ్‌కీ (ప్రకృతి మంత్రగాడు) ఆ మంత్రం ఉంది. మా గుంటూరు బ్రాడీపేట బల్ల దగ్గర బార్డ్ ఆడే ఆయన బ్యాంకు ఉద్యోగి. "లేవరా, నీ వాటా బాకీ ఎవడు కడతాడు!" అని ఒక్క కేక వేస్తాడు, పడ్డవాడు లేస్తాడు.

ఈ భయం పాత ఎడిషన్ల నుంచి వచ్చింది. తొలి అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో రోజంతా పడుకుంటే తిరిగొచ్చేది ఒక్క పాయింటు, మరి క్లెరిక్ లేకపోతే ఎలా? నీ పుస్తకంలో గంట కూర్చుంటే 'హిట్ డైస్' వేసుకుని కొన్ని పాయింట్లు రాబట్టుకోవచ్చు, రాత్రి నిద్రపోతే పాయింట్లన్నీ వెనక్కి వస్తాయి. నీ ఫైటర్‌కు తనంతట తానే కొంత కోలుకునే 'సెకండ్ విండ్' ఉండనే ఉంది. గంట విశ్రాంతి కూడా ఇవ్వని డీఎం (ఆట నడిపించేవాడు) అయితే మాత్రం ముందు ఆయనతో మాట్లాడుకోండి.

హీలర్స్ కిట్ (మందుల సంచి) ఆటలో ఐదు బంగారు నాణేలు, పదిసార్లు వస్తుంది, డైసు వేయకుండానే చావు ఆగుతుంది. మీ రోగ్ మూడో లెవల్లో థీఫ్ శాఖ ఎంచుకుని, నాలుగులో 'హీలర్' ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) తీసుకుంటే ఆ కిట్‌తోనే, అదీ బోనస్ యాక్షన్‌లో, పడ్డవాణ్ని ఒక పాయింటుతో లేపుతాడు. ఐదో లెవల్ దాటాక చచ్చినవాణ్ని బతికించే 'రివివిఫై' లేని లోటు తెలుస్తుంది, నిజమే. దానికి 300 నాణేల విలువైన వజ్రాలు కావాలి, ముందు అవి సంపాదించండి.

చెల్లిని ఏం ఆడాలనుందో అడుగు. క్లెరిక్‌గానే ఉంటానంటే వార్ డొమైన్ (క్లెరిక్‌లలో యుద్ధ శాఖ) చూపించు, బరువైన కవచం వేసుకుని నీకంటే ముందు నిలబడుతుంది. హీలింగ్ పోషన్లు 50 నాణేలు ఒక్కోటి, నలుగురూ చందా వేసుకుని కొనండి. ఎవరి సంచిలో ఎన్ని ఉన్నాయో అందరి షీట్ల మీదా రాసుకోండి. ఉన్నవన్నీ విజార్డ్ దగ్గరే పెట్టకండి, ముందు పడేది వాడే.