బాబు కిడ్నీ ఆపరేషన్‌కు ఏ డబ్బు తీయాలి?

ప్రశ్న: మా బాబుకి 8 నెలలు. ఎడమ కిడ్నీ నుంచి మూత్రం సరిగ్గా కిందికి దిగడం లేదట. 2 నెలల్లోగా పైలోప్లాస్టీ, అంటే ఆ అడ్డు తొలగించే ఆపరేషన్, చేయించమన్నారు. ఆరోగ్య బీమాలో వెయిటింగ్ పీరియడ్ ఇంకా ఏడాదిన్నర ఉంది. అప్పటిదాకా ఆగొచ్చా? లేదంటే వాడి చదువుకని దాస్తున్న డబ్బు తీయాలా, పర్సనల్ లోన్ తీసుకోవాలా?

జవాబు: బీమా కోసం ఆగకండి. ఇక్కడ గడువు పెట్టేది పాలసీ కాదు, రీనోగ్రామ్, అంటే ఏ కిడ్నీ ఎంత పని చేస్తోందో చూపే స్కాన్. రెండు కిడ్నీలూ పనిని ఇంచుమించు చెరిసగం పంచుకోవాలి. అడ్డు ఉన్న వైపు వాటా 40 శాతం కంటే తగ్గినా, స్కాన్ స్కాన్‌కీ పడిపోతున్నా సాధారణంగా ఆపరేషన్ చేయమంటారు. పోయిన పనితనం పూర్తిగా తిరిగొస్తుందన్న భరోసా లేదు. కొందరు పిల్లల్లో మూత్రం నిలిచి కిడ్నీకి వచ్చే వాపు దానంతటదే తగ్గే మాట నిజమే. మీ వాడి సంగతి డాక్టర్నే అడగండి, బీమా ఊసెత్తకుండా.

ఇక లెక్క. ఆసుపత్రి ఇచ్చిన ఎస్టిమేట్ తీసి చూడండి. ‘ఆపరేషన్’ అని ఒకే అంకె వేసి ఉంటే లెక్క పూర్తి కానట్టే. కుట్లు వేసిన చోట మానేదాకా లోపల చాలావరకు డీజే స్టెంట్ అనే సన్నటి గొట్టం ఉంచుతారు. 4 నుంచి 6 వారాల్లో అది తీయాలి. పసివాడు కదా, మామూలుగా మళ్లీ మత్తు, మళ్లీ థియేటర్. ఈ ఖర్చు ప్యాకేజీలో కలిసిందో లేదో రాయించుకోండి. డబ్బు సర్దుబాటు కాలేదని స్టెంట్‌ని నెలల తరబడి వదిలేస్తే దానిమీద రాళ్లు కడతాయి. ఆ తర్వాత స్కానింగ్‌లు, కొన్ని నెలలకు ఇంకో రీనోగ్రామ్ కూడా ఉండొచ్చు.

అందుకే నాకు లోన్ నచ్చదు. మొదటి ఈఎంఐలు వచ్చి పడేది సరిగ్గా స్టెంట్ తీయించే రోజుల్లోనే. అత్యవసర నిధి ఉంటే ముందు అది, చాలకపోతే చదువు డబ్బు తీయండి. కాలేజీకి ఇంకా 17 ఏళ్లుంది, నింపుకోవచ్చు. అంతా ఒకేసారి తీయకండి, ఎప్పటి బిల్లుకి అప్పుడే.

పాలసీలో పుట్టుకతో వచ్చే లోపాల క్లాజు ఓసారి చదవండి. కొన్నింట్లో దానికి నిబంధన వేరుగా ఉంటుంది. ఏజెంట్ మాట సరిపోదు, కంపెనీ నుంచి మెయిల్ తెప్పించుకోండి. కడుపులో ఉన్నప్పటి స్కాన్‌లోనే వాపు కనబడి ఉంటే దాచొద్దు, ఆ తేదీ రికార్డుల్లో ఉంటుంది. ప్రీమియం మాత్రం ఆపకండి. ఈ ఆపరేషన్ నూటికి 90 మందికి పైగా ఒక్కసారితో సరిపోతుంది. మళ్లీ చేయాల్సిన ఆ కొద్దిమందిలో మీ వాడుంటే, అప్పటికి వెయిటింగ్ పీరియడ్ గడిచిపోయి ఉండొచ్చు.