పచ్చ చుక్క ఉన్న ప్యాకెట్టులో ‘నేచురల్ ఫ్లేవర్’: దేని నుంచి తీశారని అడిగే హక్కు ఉందా?

ప్రశ్న: మాది ఏలూరు. శాకాహార కుటుంబం. మా ఆరేళ్ల పాపకు పాల ప్రోటీన్ అలర్జీ ఉందని డాక్టరు నిర్ధారించారు. మా అత్తగారు చాతుర్మాస్యంలో ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. గత నెల పచ్చ చుక్క ఉన్న మసాలా చిప్స్ తిన్న గంటలోపే పాపకు దద్దుర్లు లేచి వాంతులయ్యాయి. ప్యాకెట్టు మీద పాల ప్రస్తావన ఎక్కడా లేదు. ‘నేచురల్ అండ్ నేచర్ ఐడెంటికల్ ఫ్లేవరింగ్ సబ్‌స్టాన్సెస్’ అనీ, ‘ఫ్లేవర్ ఎన్‌హాన్సర్స్ 627, 631’ అనీ ఉంది. కంపెనీకి మెయిల్ పెడితే ఫ్లేవర్ ఫార్ములా వ్యాపార రహస్యమన్నారు. 631ను మాంసం నుంచి తీస్తారని కూడా విన్నాం. మేం చట్టప్రకారం ఏం చేయవచ్చు?

జవాబు: మీ పాప అలర్జీకీ, మీ కుటుంబ శాకాహార నియమానికీ చట్టంలో స్పష్టమైన రక్షణ ఉంది. మీ అత్తగారి నియమానికి మాత్రం అంతటి రక్షణ లేదు. కంపెనీ చెప్పిన ‘వ్యాపార రహస్యం’ మొదటి రెండు విషయాల్లో చెల్లదు.

ముందుగా ‘నేచురల్’ అనే మాట సంగతి. ఆహార ఉత్పత్తుల ప్రమాణాలు, సంకలితాలకు సంబంధించిన 2011 నాటి నిబంధనల ప్రకారం, వృక్ష సంబంధమైన ముడిసరుకు నుంచి గానీ, కొన్ని సందర్భాల్లో జంతు సంబంధమైన ముడిసరుకు నుంచి గానీ, కేవలం భౌతిక ప్రక్రియల ద్వారా తీసిన రుచికారకాలను సహజమైనవిగా పరిగణిస్తారు. ప్రకృతిలో ఉన్న పదార్థాన్నే రసాయనికంగా తయారుచేస్తే అది ‘నేచర్ ఐడెంటికల్’ అవుతుంది. అంటే ‘నేచురల్’ అన్నంత మాత్రాన మొక్క నుంచే వచ్చిందని అర్థం కాదు. పైగా ఈ రెండు రకాలకూ లేబుల్ మీద వర్గం పేరు వేస్తే చాలు, ఒక్కొక్క పదార్థం పేరూ రాయనక్కరలేదు. మీ ప్యాకెట్టు మీద ఆ ఒక్క వాక్యమే ఉండటం, అంతవరకు, నిబంధనల ఉల్లంఘన కాదు.

అయితే వర్గం పేరుతో సరిపెట్టుకునే ఈ వెసులుబాటు పచ్చ చుక్కకు వర్తించదు. 2020 లేబులింగ్ నిబంధనల ప్రకారం జంతువులు, పక్షులు, పురుగులు, చేపలు, గుడ్లు, లేదా జంతువుల నుంచి వచ్చిన మరే పదార్థమైనా అందులో ఉంటే అది మాంసాహారమే, దాని మీద గోధుమరంగు చతురస్రంలో గోధుమరంగు త్రికోణం వేయాల్సిందే. పాలు, పాల ఉత్పత్తులు, తేనె, తేనెమైనం, లక్క వంటి కొన్నింటిని మాత్రమే మినహాయించారు. రామ్ గౌ రక్షా దళ్ అనే సంస్థ వేసిన పిటిషన్‌పై 2021 డిసెంబరు 9న ఢిల్లీ హైకోర్టు ఇదే 631ను ఉదాహరణగా తీసుకొని, ప్రతి పదార్థాన్నీ కోడ్ నంబరుతో సరిపెట్టకుండా అది మొక్క నుంచి వచ్చిందా, జంతువు నుంచి వచ్చిందా, ప్రయోగశాలలో తయారైందా అన్నది వెల్లడించాలనీ, జంతు సంబంధ పదార్థం ఎంత స్వల్పంగా ఉన్నా ఆ ఆహారం మాంసాహారమే అవుతుందనీ స్పష్టం చేసింది. ఢిల్లీ హైకోర్టు ఉత్తర్వు ఆంధ్రప్రదేశ్‌లో నేరుగా కట్టుబాటు కాదన్న వాదన వస్తుంది. కానీ ఆ ఆదేశాలు ఆహార భద్రతా, ప్రమాణాల చట్టం, 2006ను దేశమంతటా అమలుచేసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐకి ఇచ్చినవి కనుక ఆ వాదనకు పెద్దగా బలం లేదు.

631 అంటే డైసోడియం ఇనోసినేట్. మాంసం, చేపల నుంచి తీయవచ్చు, పిండిపదార్థాన్ని పులియబెట్టి సూక్ష్మజీవుల సాయంతోనూ తయారుచేయవచ్చు. నంబరు చూసి ఏది వాడారో చెప్పలేం కనుక, 631 కనిపించగానే మాంసం కలిసిందన్న నిర్ణయానికి రావడం తొందరపాటు. ఎలా తయారైనా అణువు ఒకటే కాబట్టి ప్రయోగశాల పరీక్షతోనూ మూలం తేలడం కష్టం. సరఫరాదారు ఇచ్చిన ధ్రువపత్రాలతోనే తేలాలి. వాటిని తనిఖీ చేసే అధికారం ఆహార భద్రతా అధికారికి 2006 చట్టం 38వ సెక్షన్ కింద ఉంది.

ఇక పాప విషయం. పచ్చ చుక్క నిర్వచనంలోనే పాలకు మినహాయింపు ఉంది కనుక ఆ చుక్క మీకు ఏ భరోసా ఇవ్వదు. మీకు రక్షణ అలర్జీ ప్రకటన నిబంధనలో ఉంది. గ్లూటెన్ ఉన్న ధాన్యాలు, రొయ్యలూ పీతల వంటివి, పాలు, గుడ్లు, చేపలు, వేరుశనగ, గింజపప్పులు, సోయా, నిర్ణీత పరిమితి దాటిన సల్ఫైట్ల విషయంలో ‘కంటెయిన్స్’ అని రాసి పేరు చెప్పాలి. ఫ్లేవర్‌లో భాగంగా పాల పొడి కలిసినా ఆ బాధ్యత పోదు. ఇక్కడ ఫార్ములా రహస్యం అడ్డురాదు. మీరు అడుగుతున్నది కొలతలు కాదు, పాలు ఉన్నాయా లేవా అన్నదే. కానీ ఒక జాగ్రత్త: పాపకు వచ్చిన దద్దుర్లు పాల వల్లే వచ్చాయని ఇంకా రుజువు కాలేదు. భారతీయ జాబితాలో లేని ఆవాలు, నువ్వుల వంటివి కూడా కారణం కావచ్చు.

అందువల్ల వెంటనే సాక్ష్యం భద్రపరచండి. ఖాళీ ప్యాకెట్టు, దాని బ్యాచ్ నంబరు, బిల్లు, డాక్టరు రాసిన చీటీ దాచండి. అదే బ్యాచ్ ప్యాకెట్లు దొరికితే రెండు కొని తెరవకుండా ఉంచండి. అదే 2006 చట్టం 40వ సెక్షన్ కింద కొనుగోలుదారు రుసుము చెల్లించి ఫుడ్ అనలిస్టు చేత పరీక్ష చేయించుకోవచ్చు. 14 రోజుల్లో నివేదిక రావాలి. పరీక్షకు పంపే ఉద్దేశాన్ని కొనేటప్పుడే దుకాణదారుకు తెలియజేయాలన్న షరతు చాలామంది గమనించరు. తర్వాత ఆ ఫలితాన్ని వాడుకునే దశలో అదే అడ్డంకి అవుతుంది. పాల ప్రోటీన్ ఉందా లేదా అన్నది, 631 విషయంలోలా కాకుండా, పరీక్షతో తేలే సంగతే.

పాలు ఉన్నట్టు తేలితే అది మిస్‌బ్రాండెడ్ (లేబుల్ తప్పుగా ఉన్న) ఆహారం. 52వ సెక్షన్ కింద రూ. 3 లక్షల వరకు జరిమానా ఉంటుంది. మన జిల్లాల్లో ఆ విచారణ జాయింట్ కలెక్టర్ దగ్గర జరుగుతుంది. ఆ సొమ్ము ప్రభుత్వానికి పోతుంది. పాపకు కలిగిన హానికి 65వ సెక్షన్ కింద పరిహారం అడగవచ్చు: తీవ్ర గాయమైతే రూ. 3 లక్షల వరకు, ఇతర హాని అయితే రూ. లక్ష వరకు. వైద్య ఖర్చు, మానసిక వేదన కలిపి అడగాలనుకుంటే వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఏలూరు జిల్లా కమిషన్‌ను ఆశ్రయించడం మేలు. కంపెనీ ఎక్కడ ఉన్నా మీరు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చు. చిప్స్ వెల రూ. 5 లక్షల లోపే కనుక రుసుము లేదు. తగిన హెచ్చరిక లేకపోవడాన్ని ఉత్పత్తి బాధ్యత (సరుకు వల్ల కలిగిన హానికి తయారీదారు వహించాల్సిన బాధ్యత) కింద లేవనెత్తవచ్చు. సరఫరా పత్రాలను తెప్పించే అధికారమూ కమిషన్‌కు ఉంది.

మీ అత్తగారి విషయంలో నేను చెప్పగలిగింది తక్కువ. ఉల్లి, వెల్లుల్లి అలర్జీ జాబితాలో లేవు. మసాలా దినుసులు కొద్ది మోతాదులో ఉంటే విడివిడిగా రాయకుండా వర్గం పేరు ఒక్కటే వేయడానికి నిబంధనలు ఒప్పుకుంటాయి. ‘ఉల్లి వెల్లుల్లి లేవు’ అనో ‘జైన్’ అనో కంపెనీ తనంతట తానే ముద్రిస్తే మాత్రం ఆ మాటకు కట్టుబడి తీరాలి, లేకపోతే అదీ తప్పుదోవ పట్టించే లేబులే. అలాంటి ముద్ర లేని మసాలా చిప్స్‌ను వ్రతకాలంలో పక్కన పెట్టడమే మంచిది. పాపకు పనికొచ్చే మరో గుర్తు 2022 నిబంధనల కింద వచ్చిన వీగన్ చిహ్నం. ఫ్లేవర్లు, వాటి వాహకాలు సహా ఏదీ జంతు సంబంధమైనది కాకూడదని అది షరతు పెడుతుంది. అయినా అదే యంత్రం మీద పాల ఉత్పత్తులు తయారైతే జాడలు మిగలవచ్చు కనుక ‘మే కంటెయిన్’ అనే వాక్యాన్ని కూడా చదవండి.

కంపెనీకి మరో మెయిల్ పంపండి. అందులో ఫార్ములా ఊసెత్తకుండా, ఈ బ్యాచ్‌లో పాల పదార్థం ఉందా, 627, 631ల మూలం ఏమిటి అని మాత్రమే అడిగి, జవాబుకు 15 రోజుల గడువు పెట్టండి. దాని కోసం ఎదురుచూస్తూ ఆగకుండా ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ పోర్టల్‌లో గానీ, జిల్లా ఆహార భద్రతా అధికారికి రాతపూర్వకంగా గానీ ఫిర్యాదు ఇవ్వండి. వినియోగదారుల కమిషన్‌లో మీకు రెండేళ్ల గడువు ఉంది. ఆహార భద్రతా చట్టం కింద కోర్టు కేసు చేపట్టడానికి సాధారణంగా ఏడాదే గడువు, కమిషనర్ కారణాలు రాసి అనుమతిస్తేనే అది మూడేళ్ల వరకు పెరుగుతుంది.