మామగారి కారు, మామగారి నగలు

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 34. మందుల దుకాణం ఉంది. పెళ్లిలో మామగారు ఇచ్చిన కారునే తొమ్మిదేళ్లుగా వాడుతున్నాం. ఆర్‌సీ ఆయన పేరు మీదే ఉంది. ఈమధ్య కాణిపాకంలో బంధువులందరి ముందు ‘మా బండే కదా’ అంటూ నా చేతిలోని తాళం తీసుకుని వెళ్లిపోయారు. నేను, నా భార్య, ఆరేళ్ల పాప బస్సులో తిరిగొచ్చాం. మూడు రోజులకు కారు పంపారు. ఇక నా సొంత డబ్బుతో చిన్ననాటి కోరిక తీర్చుకోవాలనుంది. బెంగళూరులో 2012 నాటి బీఎండబ్ల్యూ జెడ్4కు 17 లక్షలు చెబుతున్నారు. పది లక్షలున్నాయి. మిగతాదానికి నా భార్యకు పుట్టింటివారు పెట్టిన నగలు బ్యాంకులో పెడతాను. పాత స్పోర్ట్స్ కారును నమ్మవచ్చా?

జవాబు: కారు సంగతి ముందు తేల్చేద్దాం. అలాంటి బండి పాతదయ్యేకొద్దీ దాని ధర తగ్గుతుంది, విడిభాగాల ధర తగ్గదు. దాని పైకప్పు మోటారుతో మడతపడుతుంది, మెకానిక్ ఎదుట నాలుగైదుసార్లు తెరిపించి మూయించండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించండి. టైరు మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి, చూసుకోండి. కర్ణాటక బండి కనుక అక్కడి నిరభ్యంతర పత్రం తేవాలి, ఇక్కడ జీవితకాల పన్ను కట్టాలి. నమ్మకానికి పేరుపడ్డ స్పోర్ట్స్ కారు మాజ్డా ఎంఎక్స్-5ను మన దేశంలో అధికారికంగా అమ్మనే లేదు. అయినా అలిపిరి నుంచి 28 నిమిషాల కంటే ముందే కొండెక్కితే జరిమానా వేసే ఊళ్లో ఆ వేగంతో ఏం చేస్తారండీ?

ఇక ‘సొంత డబ్బు’ అన్నారు. మామగారి కారు వద్దని మామగారు పెట్టిన బంగారాన్ని తాకట్టు పెట్టి ఇంకో కారు తెస్తారా? ఆ నగలు మీ భార్యవి. మీవీ కావు, ఇప్పుడు ఆయనవీ కావు.

కాణిపాకంలో ఆయన పద్ధతి మోటుగానే ఉంది. పదిమందిలో అల్లుడి చేతిలోంచి తాళం లాక్కోవడం పెద్దరికం కాదు. కానీ కాగితం ప్రకారం ఆయన పట్టుకెళ్లింది తన బండినే. పెళ్లిలో ‘ఇచ్చిన’ అని రాశారు, కట్నం అనలేదు. మనలో అందరూ అలాగే అంటారు లెండి. తాళం అందుకున్న రోజున మొహమాటపడని మనిషి, తాళం పోయిన రోజున ఎంత ఉడుక్కున్నా నాకు జాలి కలగదు.

ఒక పని చేయండి. బండి కడిగించి, ట్యాంకు నింపించి, బీమా కాగితాలతో సహా చిత్తూరులో మామగారింటికి తీసుకెళ్లండి. కాణిపాకం ఊసెత్తకండి. ‘మామయ్యా, ఇన్నాళ్లూ వాడుకున్నాం, ఇక మీ దగ్గరే ఉండనివ్వండి’ అని తాళం ఆయన చేతిలో పెట్టండి. కోప్పడతారు, పరువు తీశావంటారు. భోజనం చేసి, బస్సెక్కి వచ్చేయండి. ఆ తర్వాత ఆయనతో సమానంగా కూర్చుని మాట్లాడగలుగుతారు. ఆ పది లక్షలతో మంచి కారే వస్తుంది, మీ పేరు మీద.

బయల్దేరే ముందు మీ ఆవిడకు చెప్పండి. ఆ రోజు బస్సులో ఆవిడ ఏమన్నారో మీరు రాయలేదు. నగల సంగతి ఆవిడకు తెలుసో లేదో కూడా రాయలేదు. రెండు సీట్ల కారులో పాపను ఎక్కడ కూర్చోబెడదామనుకున్నారో, అది మాత్రం ఆవిడే అడుగుతారు.