పాఠకుల ప్రశ్నలు: విల్లీ డిక్సన్ బ్లూస్

ప్రశ్న: షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ పాడిన ‘హూచీ కూచీ మ్యాన్’ను గిటారు, బేస్, డ్రమ్స్‌తో సాధన చేస్తున్నాం. బ్లూస్ కదా అని పన్నెండు బార్లు (బారు అంటే నాలుగు బీట్ల వరుస) లెక్కపెడితే కుదరడం లేదు. అందరూ ఆగే చోట మళ్లీ ఎక్కడ అందుకోవాలో తెలియడం లేదు.

జవాబు: ఇది 16 బార్ల పాట, అందుకే కుదరడం లేదు. మామూలు 12 బార్లలో మొదటి నాలుగింటిని ఈ పాట రాసిన విల్లీ డిక్సన్ ఎనిమిది చేశాడు. ‘ఎ’లో వాయిస్తుంటే మొదటి 8 బార్లూ ఎ కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) మీదే ఉండండి. తర్వాత డి కార్డు మీద 2 బార్లు, ఎ 2, ఇ 1, డి 1, మళ్లీ ఎ 2. చివరి బారులో ఇ తగిలిస్తే తిరిగి మొదటికి వస్తారు.

ఆ 8 బార్లలో వాద్యాలన్నీ కలిసి ఒక చిన్న పలుకు వాయించి ఠక్కున ఆగుతాయి. ఆ ఖాళీ గాయకుడిది. దీన్నే స్టాప్ టైమ్ అంటారు. కొత్తవాళ్లు ఖాళీకి కంగారుపడి ముందే అందుకుంటారు. డ్రమ్మర్ సింబల్‌తో ఖాళీ నింపేస్తాడు. బేస్ తీగ మోగుతూనే ఉంటుంది. ఈ మూడింటిలో ఏది జరిగినా 9వ బారు పస లేకుండా పోతుంది, ఎందుకంటే అంతసేపూ పట్టి ఉంచిన తాళం అందరూ కలిసి వదిలేది అక్కడే. పలుకు అయిన వెంటనే ఎడమచేతి వేళ్లతో తీగలు నొక్కి మోత ఆపండి. మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్ల దగ్గర పెట్టుకుని, ఒకరు పైకి 1-2-3-4 అంటుండగా ఆ 8 బార్లే వాయించండి. ప్రతి బీట్‌ను మనసులో మూడుగా విడగొట్టుకోండి. ఖాళీలో కాలు ఆడటం ఆగకూడదు.

ఒక క్లబ్బులో విరామం వేళ బాత్రూములో ఈ పాట మడ్డీకి నేర్పానని, ఆయన ఆ రాత్రే పాడేశాడని డిక్సన్ చెప్పుకున్నాడు. అంత త్వరగా పట్టుబడేలా కట్టిన పాట ఇది. రికార్డింగు 1954లో.

ప్రశ్న: పాటలు డిక్సన్‌వి, పేరేమో పాడినవాళ్లది. ఎందుకలా?

జవాబు: ఎవరి గొంతుకు తగ్గట్టు వాళ్లకు రాసేవాడు కాబట్టి. 1915లో మిసిసిపీలోని విక్స్‌బర్గ్‌లో పుట్టి, షికాగో వచ్చి బాక్సింగ్ చేసిన ఈ భారీ మనిషి అక్కడి రికార్డుల కంపెనీ చెస్ రికార్డ్స్‌లో పాటలు రాశాడు, బేస్ వాయించాడు, రికార్డింగులు నడిపించాడు. గాయకుడు హౌలిన్ వుల్ఫ్ బొంగురు గొంతు కోసం ‘స్పూన్‌ఫుల్’ను దాదాపు ఒకే కార్డు మీద నిలబెట్టాడు. కార్డులు మారుతుంటే ఆ గొంతు బరువు చెదిరిపోయేది. హార్మోనికా వాయించే లిటిల్ వాల్టర్‌కు ‘దిస్ ట్రెయిన్’ అనే భక్తిగీతం బాణీ ఆధారంగా ‘మై బేబ్’ ఇచ్చాడు. 1955లో అది ఆర్ అండ్ బీ (రిథమ్ అండ్ బ్లూస్) పాటల అమెరికా పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. డిక్సన్ సొంతంగానూ ఆల్బమ్‌లు చేశాడు, కానీ మా దృష్టిలో ఆయన గొప్పతనం ఇలా ఇతరుల కోసం రాయడంలోనే ఉంది.

ప్రశ్న: బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్లిన్ మీద డిక్సన్ వేసిన కేసు ఏమైంది?

జవాబు: వాళ్ల ‘హోల్ లాటా లవ్’ (1969) మాటలకు మూలం, మడ్డీ కోసం డిక్సన్ రాసిన ‘యూ నీడ్ లవ్’ (1962). 1985లో వేసిన దావా 1987లో కోర్టు బయట రాజీతో ముగిసింది, రచయితల వరుసలో డిక్సన్ పేరు చేరింది. పాత ముద్రణల్లో ఆ పేరు ఉండదు. ఆయన స్థాపించిన బ్లూస్ హెవెన్ ఫౌండేషన్ ఇప్పుడు షికాగోలో 2120 సౌత్ మిషిగన్ అవెన్యూలో, ఒకప్పటి చెస్ స్టూడియో భవనంలోనే ఉంది. హక్కుల విషయంలో సంగీతకారులకు సాయపడటం దాని లక్ష్యాల్లో ఒకటి.