టోపీ తుడవకండి, ముందు బ్యాడ్జీ చూడండి

ప్రశ్న: మాది విజయనగరం, కోట దగ్గర. మా తాతయ్య మిలిటరీలో చేశారు. ఆయన పోయాక ట్రంకుపెట్టెలో జరీ కుట్టిన డ్రెస్ టోపీ దొరికింది. అప్పట్నుంచి పాత మిలిటరీ టోపీలు సేకరించాలని పిచ్చి పట్టుకుంది. మొన్న పాత సామాన్ల షాపులో ఒకటి కొన్నాను, రెండో ప్రపంచయుద్ధం నాటిదని చెప్పి 6,000 తీసుకున్నాడు. బ్యాడ్జీలో మూడు సింహాలున్నాయి. నిజంగా అప్పటిదేనా? రెండూ నల్లబడ్డాయి, ఎలా శుభ్రం చేయాలి?

జవాబు: ఆ బ్యాడ్జీ మాత్రం యుద్ధం నాటిది కాదండీ. మన సైన్యం బ్యాడ్జీల మీద కిరీటం పోయి అశోకుడి సింహాలు వచ్చింది 1950లో గణతంత్రం వచ్చాకే, యుద్ధమేమో 1945లోనే అయిపోయింది. బ్రిటిష్ కాలంలో అయితే 1901 నుంచి గుమ్మటంలా పైకి ఉబ్బిన రాజుల కిరీటం ఉండేది. అయితే బ్యాడ్జీ మార్చేసి కూడా అమ్ముతారు కాబట్టి దాన్ని మెల్లగా పక్కకు జరిపి చూడండి, కింద గుడ్డ వెలవకుండా ముదురు రంగులో ఉండి, ఆ మచ్చ ఆకారం ఈ బ్యాడ్జీకి సరిపోకపోయినా, పక్కన వాడని పాత చిల్లులు కనిపించినా బ్యాడ్జీ మార్చారని అనుమానించాల్సిందే.

శుభ్రం మాట అంటారా, దయచేసి ఇత్తడి పాలిష్ జోలికి వెళ్లకండి. జరీకి తగిలితే ఆ మెరుపు మళ్లీ రాదు, గుడ్డలోకి దిగితే తెల్లటి మరక మిగిలిపోతుంది. మెత్తటి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు. ఆకారం పోకుండా లోపల తెల్ల కాగితం ఉండలు పెట్టండి, న్యూస్‌పేపర్ వద్దు, సిరా అంటుతుంది. మన వైపు వానాకాలం తేమకి ఉన్ని గుడ్డ ఊరికే బూజు పడుతుంది, పెట్టెలో సిలికా జెల్ పొట్లాలు వేసి నెలకోసారి తీసి చూసుకోవాలి.

ఎప్పుడైనా ఎండకు పెట్టుకునే సోలా టోపీ దొరికితే మరీ జాగ్రత్త. అది చెరువుల్లో పెరిగే జీలుగు బెండుతో చేసింది, తడిస్తే ఉబ్బి ఆకారం చెడుతుంది. నూరేళ్లు దాటిన వస్తువైతే 1972 నాటి పురావస్తువుల చట్టం ఉంది, విదేశాలకు అమ్మే ఆలోచన పెట్టుకోకండి.

ఇక తాతయ్యగారి టోపీ లోపల నుదుటికి ఆనే తోలు పట్టీని నెమ్మదిగా పైకెత్తండి. అక్కడ పేరో నంబరో సిరాతో రాసుకునే అలవాటు చాలామందికి ఉండేది. కనబడితే చెయ్యి తగలనివ్వకుండా ముందు ఫొటో తీసిపెట్టండి.