ముందు రైతు గడప తొక్కు

చి. మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది. మీ ఊళ్లో స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) క్లబ్ పెడదామని పదకొండు మంది కూడారని, మా క్లబ్ బైలాస్ (నియమావళి) కాపీ పంపమని రాశావు. తప్పకుండా పంపుతాను. కానీ వాటితో నీకిప్పుడు పని లేదు, జనవరిలో రాసుకున్నా నష్టం లేదు. ఈ అక్టోబరులో చెయ్యాల్సింది వేరే ఉంది. కౌంటీ (మన జిల్లా లాంటిది) ప్లాట్ బుక్ ఒకటి తెచ్చుకో. ఏ భూమి చెక్క ఎవరిదో అందులో ఉంటుంది. మీరు అనుకుంటున్న దారి ఎవరెవరి భూముల మీదుగా పోతుందో ఒక్కో పేరూ కాగితం మీద రాసుకో. ఆ పేర్లే నీ క్లబ్బు. బళ్లున్నవాళ్లు ఎప్పుడైనా దొరుకుతారు.

నేను డాక్టరుగా ఈ ఊరొచ్చింది 1972లో. అప్పుడు అమెరికాలోని ఈ మిన్నెసోటా రాష్ట్రం ఉత్తరభాగమంతా స్నోమొబైల్ పిచ్చి. అమెరికా, కెనడా కలిపి ఏడాదికి దాదాపు 5 లక్షల బళ్లు అమ్ముడుపోయిన రోజులవి. చేసే కంపెనీలే 100 దాకా ఉండేవి. ఇక్కడి రోజో అనే ఊళ్లో పొలం పనిముట్లు చేసే షెడ్డులో హెటీన్ అన్నదమ్ములు, డేవిడ్ జాన్సన్ కలిసి 1950లలో మొదలుపెట్టిన పొలారిస్ స్నోమొబైల్ కంపెనీ అప్పటికే పెద్ద ఫ్యాక్టరీ అయింది. థీఫ్ రివర్ ఫాల్స్ ఊళ్లో ఇంకో కంపెనీ ఆర్కిటిక్ క్యాట్ ఉండేది. ఇక ఈ చుట్టుపక్కల బండి లేని ఇల్లెక్కడుంటుంది?

బళ్లున్నాయి గానీ దారుల్లేవు. ఎవరికి తోచినట్టు వాళ్లు చేలల్లోంచి తోలేవాళ్లు. లేత మొక్కలు విరిగేవి, కంచెలు తెగేవి. రాత్రి రెండింటికి కిటికీ కింద ఇంజను మోత. ఆ చలికాలం మెడకి కంచె తీగ కోసుకుపోయి ఇద్దరు కుర్రాళ్లు మా ఎమర్జెన్సీ గదికి వచ్చారు. ఒకడు బతికాడు. రెండోవాడి తండ్రికి ఆ మాట చెప్పాల్సి వచ్చింది నేనే. మా క్లబ్ పుట్టింది అక్కడినుంచి. మరుసటి వారం చర్చి బేస్‌మెంట్‌లో తొమ్మిది మందిమి కూర్చున్నాం. సరదా సంగతి ఎవరం ఎత్తలేదు. ఊరికీ రైతుకీ మధ్య గొడవ ఎలా చల్లార్చాలి, పిల్లలు ప్రాణాలతో ఇంటికి ఎలా రావాలి, అదే మాట.

రైతుల ఇళ్లకి వెళ్లే పని నేను అడిగి తీసుకున్నాను. మీ తాతయ్య వ్యవసాయం నీకు గుర్తుండదు. వరి కోయకముందే చేలో మినుములు చల్లేవాడు. కోతలయ్యాక చూసేవాళ్లకి అది ఉత్త మోడు చేనే. కానీ అడుగున మినుము మొలక ఉంటుంది. తెలియనివాడు అడ్డంగా బండి తోలాడంటే పోయేది రెండో పంట. అడిగితే మాత్రం తాతయ్య కాదనేవాడు కాదు, ఏ గట్టు పక్కనుంచి పోవాలో తానే ముందు నడిచి చూపించేవాడు.

ఇక్కడా అంతే. నార్వే నుంచి వచ్చిన కుటుంబం, ముసలాయన, నేను మూడుసార్లు వెళ్తే మూడుసార్లూ కాఫీ పోశాడు గానీ సరేననలేదు. నాలుగోసారి మే నెలలో తనే కబురు చేశాడు. అల్ఫాల్ఫా (పశువుల మేత పంట) చేలోకి తీసుకెళ్లి మోకాళ్ల మీద కూర్చుని జేబుకత్తితో ఒక దుబ్బు తవ్వి నా చేతిలో పెట్టాడు. వేరు చీల్చి చూస్తే లోపల గోధుమరంగు, మెత్తగా, పుల్లటి వాసన. నాలుగడుగుల అవతల ఇంకొకటి తవ్వాడు. అది తెల్లగా, గట్టిగా ఉంది. మొదటిది బళ్లు పోయిన చోటు. వదులుగా ఉన్న మంచు వేరుకి దుప్పటిలా పనిచేస్తుంది, బండి తొక్కి గట్టిపరిస్తే చలి నేరుగా వేరులోకి దిగుతుంది. అది నాకు అప్పటిదాకా తెలియదు. మ్యాప్ తీసి దారిని ఆయన తూర్పు కంచె అంచుకి జరిపాం, అర మైలు పెరిగింది. అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఇప్పుడు ఆయన మనవడు పెడుతున్నాడు, అదే దారి.

కాబట్టి నువ్వు వెళ్లేటప్పుడు పగటిపూట వెళ్లు, ఒక్కడివే వెళ్లు, బండి మీద వెళ్లకు. ముందు అడగాల్సింది దారి కాదు, ఏ చేలో ఏం వేశారో, గేదో గొడ్డో చలికాలం ఎక్కడ ఉంటుందో. ఒప్పుకున్నాక కాగితం మీద రాయించుకో, ఏటా మళ్లీ వెళ్లి అడుగు. దెబ్బ తగిలినవాడు నా మీద కేసు పెడితే అని అందరూ టెన్షన్ పడతారు. డబ్బు తీసుకోకుండా దారి ఇచ్చినవాడికి మిన్నెసోటా చట్టంలో రక్షణ ఉంది, ఆ సంగతి చెప్పు. క్లబ్ పేరున ఇన్సూరెన్స్ కూడా తీసుకుని ఆ కాగితం చూపించు. మార్చిలో మంచు కరిగాక మీరు పాతిన కర్రలు, బోర్డులు మీరే పీకాలి. ఒక్క కర్ర మిగిలి అది ఎండుగడ్డి కోసే మిషన్‌లో పడిందంటే ఆ రైతు మళ్లీ తలుపు తియ్యడు.

డబ్బు సంగతి క్లుప్తంగా. రాష్ట్రం గ్రాంట్ ఇస్తుంది, స్నోమొబైల్ రిజిస్ట్రేషన్ ఫీజుల్లోంచీ పెట్రోలు పన్నులో వాటాలోంచీ. అది కౌంటీ లాంటి స్థానిక సంస్థ ద్వారా వస్తుంది, అదీ పని జరిగినకొద్దీ విడతలుగా. మొదటి ఏడాది డీజిలు మీ జేబుల్లోంచే అనుకో. మేం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్‌లు పెట్టి కూడబెట్టాం. దారి మీది మంచుని చదును చేసే గ్రూమర్ మాకు మొదట ఏమిటనుకున్నావ్? పాత మంచం స్ప్రింగుల చట్రం, మీద దుంగ కట్టి బండి వెనక లాగేవాళ్లం. గుంతలు బాగానే సర్దుకునేవి. కొత్త గ్రూమర్ కోసం అప్పు చెయ్యకండి. గ్రూమింగ్ మాత్రం రాత్రిపూటే చెయ్యండి, చలికి మంచు గట్టిపడడానికి తెల్లారేదాకా టైమ్ దొరుకుతుంది.

క్లబ్‌లో ఎవరి మాటా వినకుండా నువ్వు పట్టుబట్టాల్సినవి కొన్ని ఉన్నాయి. తాగి తోలినవాడు ఎంత పెద్దమనిషైనా క్లబ్‌లో ఉండకూడదు. సరస్సు మీదికి వెళ్లేముందు ఎవరో ఒకరు మంచుగడ్డకి రంధ్రం వేసి కొలవాలి. స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాల పారదర్శకమైన కొత్త గట్టి ఐస్ కావాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ డీఎన్ఆర్ చెబుతుంది, తెల్లటి ఐస్ అయితే దానికి రెట్టింపు. రోడ్డు పక్క డిచ్‌లో (కాలువలాంటి పల్లంలో) రాత్రిపూట పోతే రోడ్డు మీద కార్లు పోయే దిక్కుకే పోవాలి, లేకపోతే ఎదురొచ్చే డ్రైవరు నీ లైటు చూసి తికమకపడతాడు. 1976 తర్వాత పుట్టినవాళ్లందరికీ సేఫ్టీ సర్టిఫికెట్ తప్పనిసరి, అంటే నీకూ. ముందు నువ్వు పాసై తర్వాత మిగతావాళ్లని అడుగు.

ఇంత శ్రమ ఎందుకంటావేమో. 1975 జనవరి తుఫానుకి రోడ్లన్నీ మూసుకుపోయాయి. ఆ మూడు రోజులూ నన్ను ఇంటినుంచి ఆసుపత్రికి, నర్సుల్ని డ్యూటీకి, ఒక నిండు గర్భిణిని ఆరు మైళ్ల అవతల పొలంనుంచి తీసుకొచ్చింది మా క్లబ్ వాళ్లే. ఆ గర్భిణిని ఎక్కించుకున్న బండి వచ్చింది మేం వేసిన దారిలోనే. కంచెలు ఎక్కడున్నాయో వాళ్లకి కళ్లు మూసుకున్నా తెలుసు గనక. కెనడాలో స్కీ-డూ అనే స్నోమొబైల్ తెచ్చిన బొంబార్డియే రెండేళ్ల కొడుకు 1934లో చనిపోయాడు, మంచులో ఆసుపత్రికి చేర్చలేక. ఈ బళ్ల వెనక ఆ బాధ కూడా ఉంది.

నీ జాబితాలో పేర్లు పూర్తయ్యాక ఫోన్ చెయ్యి. అందులో కాదనేవాళ్లెవరో ముందే చెబితే వాళ్లింటికి నేనూ వస్తాను, నవంబరు మొదటివారం ఖాళీ. పిల్లల హెల్మెట్లు బిగుతుగా ఉండాలి, పై ఏడాదికి కూడా పనికొస్తుందని పెద్దవి కొనకు. అమ్మని అడిగానని చెప్పు.

మామయ్య